గర్భసంచి తొలగించిన తర్వాత నలభై రోజులు

(మహల్లా కుటుంబాల సమావేశంలో మహిళల బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



సోదరీమణులారా, పరదాకు ఆవల కూర్చున్న సోదరులారా, పెద్దలారా!

నేటి సమావేశంలో దేని గురించి మాట్లాడబోతున్నామో ముందుగా తెలియజేసినప్పుడు, మగవారు కూడా ఉండే సభలో ఈ విషయం ఎందుకని కొందరు పెద్దలు అడిగారు. వారి సంకోచాన్ని మేము తేలికగా తీసుకోవడం లేదు. అయితే ఆడదాన్ని ఆపరేషన్‌కు తీసుకువెళ్లేది మగవారు. అప్పు తెచ్చేది మగవారు. చాలా చోట్ల కాగితం మీద సంతకం చేసేదీ వారే. ఇంటికి వచ్చిన తర్వాత ఆమెను ఎన్నాళ్లు మంచం మీద ఉండనివ్వాలో నిర్ణయించేది వారూ, అత్తగార్లూ కలిసి. నిర్ణయాలు చేసేవారు తెలుసుకోవలసిన మాటలను వారి చాటున చెప్పుకొని ప్రయోజనమేమిటి?

హయా మన విశ్వాసంలో భాగం. ఆ మాట మరచి మాట్లాడము. కానీ ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (ర) తనకు రక్తస్రావం ఆగడం లేదనీ, నమాజు మానివేయాలా అనీ స్వయంగా దైవప్రవక్త (స) వద్దకు వచ్చి అడిగారు. అది నెలసరి కాదనీ, ఒక నరం నుంచి వచ్చే రక్తమనీ ఆయన వివరించి, ఏం చేయాలో చెప్పారు. ధర్మాన్ని తెలుసుకోవడానికి సిగ్గును అడ్డు రానివ్వలేదని అన్సారు స్త్రీలను హజ్రత్ ఆయిషా (ర) మెచ్చుకున్నారు. పద్నాలుగు వందల ఏళ్ల క్రితం మదీనాలో ఒక స్త్రీ అడగగలిగిన ప్రశ్నను నేడు మన ఇళ్లలో కూతురు తల్లిని అడగలేకపోతున్నది. అడగనందువల్ల ఆ ప్రశ్న పోవడం లేదు. అది ఆలస్యంగా, ఆస్పత్రి బల్ల మీదికి చేరుతున్నది.

ముందు మన రాష్ట్రాల సంగతి చూద్దాం. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిది మంది. తెలంగాణలో ఎనిమిది మంది. అంటే దేశ సగటుకు రెండున్నర రెట్లు. తీయించుకున్నవారిలో సగం మందికి అప్పటికి 35 ఏళ్లు కూడా నిండలేదు. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు జరిగింది ప్రైవేటు ఆస్పత్రుల్లో. పొరుగు రాష్ట్రాల స్త్రీలకు లేని జబ్బు తెలుగు నేల మీది స్త్రీలకే వచ్చిందా? రాలేదు. జబ్బుకు మందు ఇవ్వడానికి బదులు అవయవాన్ని తీసివేయడం ఇక్కడ ఒక అలవాటుగా స్థిరపడింది.

ఈ అలవాటులో వైద్యుల పాత్ర ఉంది, మన పాత్రా ఉంది. పదహారు, పదిహేడేళ్లకు పెళ్లి, ఇరవై రెండేళ్లకు ముగ్గురు పిల్లలు, వెంటనే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. ఆ తర్వాత తెల్లబట్ట, నడుము నొప్పి, అధిక రక్తస్రావం. కాన్పు అయితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూసేవారున్నారు. కాన్పు కాని బాధ చెప్పుకుందామంటే వినే మనిషి లేదు. ఇరుకు ఇంట్లో బట్ట ఆరవేసుకోవడానికి చోటు లేదు. నెలకు నాలుగు రోజులు పనికి పోకపోతే కూలీ పోతుంది. బీడీలు చుట్టేవారికి, మిర్చి తొడాలు తీసేవారికి, మగ్గం పని చేసేవారికి రోజు కూలీయే కదా బతుకు. ‘పిల్లలు పుట్టేశారు, ఇక ఆ సంచితో పనేముంది?’ అని ఎవరో అంటారు. ఆ మాట మొదట మనకే నచ్చుతుంది.

ఇంకొక మాట కూడా మేము విన్నాము. అది బయటివారు వినలేరు గనుక ఇక్కడ చెప్పాలి. ‘తీయించుకుంటే రమజానులో ముప్పై రోజాలూ నిండుగా ఉండవచ్చు, హజ్‌కు వెళ్లినప్పుడు తవాఫ్‌కు ఆటంకం ఉండదు’ అన్నవారు మాకు తారసపడ్డారు. భక్తితో అన్న మాటే, సందేహం లేదు. కానీ ఆ రోజుల్లో నమాజును మన మీది నుంచి తొలగించినది అల్లాహ్ కాదా? ఆయన సడలించిన దాన్ని మనం లోటుగా ఎంచి, ఆయన ఇచ్చిన అవయవాన్ని కోయించుకోవడం ఏ భక్తి? హజ్ ప్రయాణానికి నెలసరిని వాయిదా వేసే మాత్రలు ఉన్నాయి. వైద్యురాలిని అడిగి వాడుకోవచ్చు.

నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఒక చెల్లెలి సంగతి చెబుతాము. పేరు చెప్పము. ఆమెకు 31 ఏళ్లు. తెల్లబట్ట, నడుము నొప్పి అని పట్నంలో ఒక ఆస్పత్రికి వెళ్లింది. స్కానింగ్ తీసి, గర్భసంచికి పుండు ఉంది, వదిలేస్తే కాన్సర్ అవుతుందన్నారు. కాన్సర్ అన్న మాట చెవిన పడ్డాక ఇంకేం ఆలోచిస్తారు? పుస్తెలు కుదువపెట్టారు. నాలుగో రోజు ఆపరేషన్ అయిపోయింది. మరో ఆరు నెలలకు ఆమెకు రాత్రిళ్లు ఒళ్లంతా ఆవిర్లు రావడం, చెమటతో తడిసి లేవడం, గుండెదడ, నిద్ర పట్టకపోవడం మొదలైంది. చిన్న మాటకు ఏడుపు, పెద్ద కోపం. ఇంట్లోవారు ఆసేబ్ పట్టిందన్నారు. తావీజులు కట్టించారు, దర్గాకు తిప్పారు. మూడేళ్ల తర్వాత మాతో ఉన్న ఒక వైద్యురాలు ఆమె డిశ్చార్జి కాగితం చదివారు. గర్భసంచితో పాటు రెండు అండాశయాలు కూడా తీసివేశారని అందులో రాసి ఉంది. ఇంగ్లీషులో ఉంది గనుక మూడేళ్లుగా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమెకు పట్టినది ఆసేబ్ కాదు. 31 ఏళ్లకే ముట్లుడిగిపోయాయి.

గర్భసంచి వేరు, అండాశయాలు వేరు అన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. గర్భసంచి బిడ్డను మోసే కండర సంచి. దానికి రెండు పక్కల ఉండే అండాశయాలు అండంతో పాటు ఈస్ట్రోజన్ అనే హార్మోనును ఇస్తాయి. ఎముకల గట్టితనానికి, గుండె రక్తనాళాలకు, నిద్రకు, యోనిమార్గపు తేమకు ఆ హార్మోను కావాలి. వయసు రాకముందే అండాశయాలను తీసివేస్తే ముట్లుడిగే బాధలన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. ఎముకలు గుల్లబారే ప్రమాదం, గుండెజబ్బుల ప్రమాదం పెరుగుతాయి. అండాశయాలను ఉంచి సంచిని మాత్రమే తీసినా కొందరిలో ముట్లుడిగే దశ కొన్నేళ్లు ముందుగానే వస్తుంది. నెలసరి ఉండదు గనుక ఆ దశ వచ్చినట్టు కూడా తెలియదు. కాబట్టి ఈ ఆపరేషన్ అయిన ప్రతి స్త్రీ ‘నా అండాశయాలు ఉన్నాయా, లేవా?’ అన్న ప్రశ్నకు సమాధానం తెలుసుకొని ఉండాలి. 45 ఏళ్లలోపే రెండూ తీసివేసి ఉంటే హార్మోను మందులు వాడవచ్చునా అని వైద్యురాలిని అడగాలి.

ఈ ఆపరేషనే వద్దని మేము అనడం లేదు. కాన్సర్ ఉన్నప్పుడు, మందులకు లొంగని రక్తస్రావం ప్రాణం తీస్తున్నప్పుడు, పెద్ద పెద్ద ఫైబ్రాయిడ్ గడ్డలున్నప్పుడు, సంచి బాగా కిందికి జారినప్పుడు అది మేలు చేస్తుంది, ప్రాణం నిలుపుతుంది. మాలో కొందరం చేయించుకున్నవారమే. పశ్చాత్తాపం లేనివారమూ ఉన్నాము. కానీ తెల్లబట్టకు మందు ఉంది. ఇన్ఫెక్షన్‌కు యాంటిబయాటిక్ ఉంది, భర్తకు కూడా కలిపి వాడవలసిన సందర్భాలున్నాయి. అధిక రక్తస్రావాన్ని తగ్గించే మాత్రలున్నాయి, హార్మోను విడుదల చేసే లూప్ ఉంది, రక్తహీనతకు ఐరన్ ఉంది. గడ్డలను మాత్రమే తీసే పద్ధతి ఉంది. జారిన సంచిని నిలిపే రింగు ఉంది. ‘కాన్సర్ అవుతుంది’ అంటే ఏ పరీక్షలో తేలిందని అడగాలి. గర్భాశయ ముఖద్వారానికి పాప్ పరీక్ష, హెచ్‌పీవీ పరీక్ష ఉన్నాయి. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. స్కానింగులో ‘పుండు’ కనిపించింది గనుక రేపే కోయాలన్నవారి దగ్గర సంతకం చేయకుండా లేచి రండి. ఆ మాటకు ఒక వారం ఆగినంత మాత్రాన ఏమీ కాదు. రక్తం ధారగా పోతున్నప్పుడు మాత్రం ఆగవద్దు.

సంతకం మాట వచ్చింది గనుక చట్టం సంగతి చెప్పుకోవాలి. సమీరా కోహ్లీ అనే 44 ఏళ్ల స్త్రీ 1995లో ఎక్కువ రోజులు రక్తస్రావం అవుతున్నదని ఒక క్లినిక్‌కు వెళ్లారు. లోపల గొట్టం పెట్టి చూసే పరీక్షకు ఆమె సమ్మతించారు. ఆమె మత్తులో ఉండగా, బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించుకొని గర్భసంచినీ అండాశయాలనూ తీసివేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2008 జనవరిలో తీర్పు వచ్చింది. రోగి ప్రాయం వచ్చిన వ్యక్తి అయి, తన మంచిచెడులు తాను నిర్ణయించుకోగలిగినప్పుడు, ప్రాణాపాయం లేనప్పుడు, ఆమెకు బదులు తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదని న్యాయస్థానం తేల్చింది. పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు సమ్మతి కాదని చెప్పింది. ఏం చేయబోతున్నారు, ఎందుకు, ఇంకే మార్గాలున్నాయి, ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి రోగికి వివరించిన తర్వాత తీసుకున్నదే సమ్మతి అని వివరించింది.

తల్లి సంతకమే చెల్లనప్పుడు భర్త సంతకం ఎలా చెల్లుతుంది? సోదరులారా, మిమ్మల్ని పక్కకు నెట్టడానికి ఈ మాట అనడం లేదు. మీరు వెంట వెళ్లండి, ప్రశ్నలు అడగండి, ధైర్యం చెప్పండి. కానీ మీ సంతకం ఆమె సమ్మతికి బదులు కాదు. కాగితం ఆమె చేతికి ఇవ్వమనండి. ఆమెకు చదవడం రాకపోతే ఆమెకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించమనండి. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ఉర్దూ రెండవ అధికార భాష. ఆఫీసు బోర్డుల మీద ఆ భాష కోసం మనం పోరాడాము. మంచిదే. ఇక ఆస్పత్రి సమ్మతి పత్రం మీద కూడా దాన్ని అడగవలసిన సమయం వచ్చింది. ఇంట్లో తెలుగే మాట్లాడే మన దూదేకుల కుటుంబాలకు తెలుగు పత్రం కావాలి. చాలా చోట్ల రెండూ లేవు. ఇంగ్లీషు పత్రం మీద వేలిముద్ర ఉంటుంది.

బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ రాష్ట్రాల్లో పేద స్త్రీలకు, వారిలో దళిత, ఆదివాసీ స్త్రీలకు, బీమా సొమ్ము కోసం అక్కరలేని గర్భసంచి ఆపరేషన్లు చేశారని 2013లో డాక్టర్ నరేంద్ర గుప్తా సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని న్యాయస్థానం మళ్లీ చెప్పి, అనవసరపు ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో రూపొందించిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలుచేయాలని ఆదేశించింది. జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీలు ఆ మార్గదర్శకాల్లో ఉన్నాయి. మన జిల్లాలో ఆ కమిటీ ఏర్పడిందా, ఎన్నిసార్లు కూర్చుంది, ఏం చూసింది అని సమాచార హక్కు చట్టం కింద అడగడానికి ఒక దరఖాస్తు చాలు. కార్యకర్తలుగా ఇక్కడికి వచ్చిన యువకులకు మేము అప్పగించే పని ఇది.

ఇంకొకటి. ఆస్పత్రిలో చేరి చికిత్స పొందినవారి రికార్డులను మూడేళ్లు భద్రపరచాలనీ, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలనీ వైద్యుల వృత్తి నియమావళి చెబుతున్నది. డిశ్చార్జి కాగితం, తీసిన అవయవం బయాప్సీ రిపోర్టు ఇంట్లో దాచుకోండి. రేషన్ కార్డు ఉన్న సంచిలోనే పెట్టండి, పోదు.

ఇప్పుడు అసలు చెప్పదలచిన దానికి వస్తాము.

మన ఇళ్లలో బాలింతకు ఛిల్లా ఉంది. నలభై రోజులు ఆమెను బరువు ఎత్తనివ్వరు, చలిగాలికి పోనివ్వరు, పుట్టింటి నుంచి నెయ్యి, మేక పాయా, శొంఠి వస్తాయి. నలభయ్యో రోజు స్నానానికి చుట్టాలు వస్తారు. అంతా మంచిదే. బిడ్డను కన్న సంచికి ఇంత మర్యాద చేసే మనం, ఆ సంచిని కోసి తీసిన తర్వాత ఆ స్త్రీకి ఎన్ని రోజులిస్తున్నాము? మేము మాట్లాడినవారిలో చాలామంది పది రోజులకే పొయ్యి దగ్గర ఉన్నారు. బిడ్డ లేదు గనుక చూడడానికి వచ్చేవారు లేరు. చూడడానికి ఎవరూ రానిది మన దృష్టిలో జబ్బు కాదు.

వైద్యులు చెప్పే విశ్రాంతి ఆరు వారాలు. లెక్క వేస్తే 42 రోజులు. ఛిల్లా కంటే రెండు రోజులే ఎక్కువ! పెద్దలు బాలింతకు ఏర్పరచిన గడువునే ఈమెకూ ఇవ్వండి, రెండు రోజులు అదనంగా.

కడుపు కోసి చేసిన ఆపరేషన్ అయితే గాయం కళ్లకు కనిపిస్తుంది. చిన్న రంధ్రాల ద్వారా గానీ, కింది నుంచి గానీ చేసినప్పుడు పైన ఏమీ కనిపించదు. మూడో రోజుకే ఇంటికి పంపుతారు. ‘ఏమీ కోయలేదు కదా’ అని ఇంట్లోవారు అనుకుంటారు. లోపల సంచి ఉన్నచోట యోనిమార్గం పైకొసను కుట్టి మూసి ఉంటారు. ఆ కుట్లు ఏ పద్ధతిలోనైనా ఒకటే, మానడానికి పట్టే కాలమూ దాదాపు ఒకటే. వాటి మీద బరువు పడకూడదు. నాలుగైదు కిలోలకు మించి ఎత్తవద్దంటారు. నిండు బిందె పదిహేను కిలోలు. గ్యాస్ సిలిండరులో గ్యాసే 14.2 కిలోలు, ఇనుము బరువు వేరు. మూడేళ్ల పిల్లవాడు పన్నెండు, పదమూడు కిలోలు. తల్లి కూర్చుని ఉంటే పిల్లవాడే ఒడిలోకి ఎక్కుతాడు. ఆమె వంగి ఎత్తుకోవద్దు. తడిసిన దుప్పటి పిండడం, రుబ్బడం, గొంతుకూర్చుని ఇల్లు తుడవడం, ఇవన్నీ ఆ ఆరు వారాల్లో మరొకరి పని. కొడుకులున్న ఇళ్లలో ఆ మరొకరు కోడలే కానక్కరలేదు. దైవప్రవక్త (స) ఇంట్లో తన పనులు తాను చేసుకొనేవారని, ఇంటివారికి సాయపడేవారని హజ్రత్ ఆయిషా (ర) చెప్పిన సంగతి మనకు తెలిసిందే.

విశ్రాంతి అంటే మంచానికి అంటుకొని పడుకోవడం కాదు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా మొదటి రోజు నుంచే నెమ్మదిగా నడవాలి. ఇంట్లోనే గంటకు నాలుగు నిమిషాలు, క్రమంగా వీధి చివరి దాకా. పథ్యం పేరిట నీళ్లు, పెరుగు, గుడ్డు, ఆకుకూర మాన్పించవద్దు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, పోయిన రక్తం రావడానికి ఐరన్ కావాలి, మలబద్ధకం రాకుండా నీళ్లు, పీచు కావాలి. మలవిసర్జనకు ముక్కితే ఆ బలమంతా కొత్త కుట్ల మీదే పడుతుంది. నడుముకు గుడ్డ బిగించి కట్టే అలవాటు వైద్యురాలు చెబితే తప్ప వద్దు. పరదా పాటిస్తూనే మిద్దె మీద కాసేపు ఎండలో కూర్చోవచ్చు. ఎముకలకు ఆ ఎండ అవసరం.

కొద్దిగా రక్తం, గోధుమరంగు ద్రవం కొన్ని వారాలు కనిపించడం సహజం. గంటకు ఒక పాడ్ తడిసేంత రక్తం, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, దుర్వాసన, ఒక పిక్క వాచి నొప్పి పెట్టడం, ఆయాసం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా ధారగా కారడం, ఆగని వాంతులు, ఇవి కనిపిస్తే రాత్రి అని, మగ తోడు లేదని ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి.

నమాజు సంగతి చాలామంది అడుగుతారు. ఇమ్రాన్ బిన్ హుసైన్ (ర)కు మూలవ్యాధి ఉన్నప్పుడు నిలబడి, అది కుదరకపోతే కూర్చుని, అదీ కుదరకపోతే పక్కకు పడుకొని చదవమని దైవప్రవక్త (స) చెప్పిన హదీసు బుఖారీలో ఉంది. మొదటి వారాల్లో కుర్చీలో కూర్చుని సైగలతో సజ్దా చేసే కోడలిని చూసి ‘ఇంత సుకుమారమా’ అనే అత్తగార్లు ఈ హదీసును గుర్తుంచుకోవాలి. నీరు తగిలితే హాని అని వైద్యులు చెప్పినచోట తయమ్ముమ్ ఉంది. రమజానులో అయితే రోజాలను తర్వాత ఖజా చేసుకోవచ్చు. ఆపరేషన్ తర్వాత వచ్చే రక్తం నెలసరి కాదు, సంచి లేదు గనుక. అందుచేత నమాజు మాఫీ కాదు, వుజూతో చదువుకోవాలి. వివరాలు మీకు నమ్మకమైన ఆలిమాను అడగండి. ఇద్దత్ విషయంలో కూడా పొరపాటు వాడుకలో ఉంది. గర్భసంచి లేదు గనుక ఇద్దత్ అక్కరలేదనుకుంటున్నారు. వితంతువుకు నాలుగు నెలల పది రోజులు అలాగే ఉంటుంది. విడాకులైన స్త్రీకి నెలసరి లేనివారికి తలాఖ్ సూరా నిర్ణయించిన మూడు నెలలు వర్తిస్తాయి.

ఇక ఎవరూ అడగనిది ఒకటుంది. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, రుకూ నుంచి లేచేటప్పుడు మూత్రం చుక్కలుగా పడడం. ఒక పెద్దామె రెండేళ్లుగా ఇజ్తెమాలకు రావడం మానేశారు. మోకాళ్ల నొప్పి అన్నారు. చివరకు చెవిలో చెప్పిన కారణం ఇది. వుజూ నిలవడం లేదని, బట్టలు వాసన వస్తాయేమోనని ఆమె ఇంట్లో కూడా నమాజు తగ్గించేశారు. ఇంతటి బాధను ఒక స్త్రీ రెండేళ్లు ఒంటరిగా మోసింది, ఇంటినిండా మనుషులుండగా.

నడుము ఎముకల గిన్నె అడుగున, ముందు ఎముక నుంచి వెనుక తోకఎముక దాకా కండరాలు ఉయ్యాల గుడ్డలా పరచుకొని ఉంటాయి. మూత్రాశయాన్ని, గర్భసంచిని, మలాశయాన్ని మోసేది ఆ గుడ్డే. కాన్పులు, బరువులు, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకం, ముట్లుడగడం దాన్ని సాగదీస్తాయి. గర్భసంచి తీసిన తర్వాత దానిని పట్టి ఉంచిన కట్లు కొన్ని పోతాయి గనుక కొందరిలో మూత్రాశయం, యోనిమార్గపు పైభాగం కిందికి జారవచ్చు. కూర్చుంటే ఏదో అడ్డుపడుతున్నట్టు, సాయంత్రానికి బరువు దిగినట్టు ఉండడం దాని గుర్తు. వయసు వస్తే ఇంతేనని ఊరుకోవద్దు. వ్యాయామం, రింగు, అవసరమైతే ఆపరేషన్, అన్నీ ఉన్నాయి.

వ్యాయామం ఇది. మూత్రాన్నీ, గాలినీ ఆపుకుంటున్నట్టుగా ఆ కండరాలను లోపలికి, పైకి బిగించండి. కడుపు, తొడలు, పిరుదులు బిగించకూడదు, ఊపిరి ఆపకూడదు. అయిదు లెక్కపెట్టి వదలండి, అంతసేపూ విశ్రాంతి ఇవ్వండి. ఇలా పదిసార్లు. రోజుకు మూడు పూటలు. అయిదు నుంచి క్రమంగా పది లెక్కల దాకా పెంచుకోండి. కూర్చుని చేయవచ్చు, ఎవరికీ తెలియదు. మేము తస్బీహ్ చదువుకున్న తర్వాత, ముసల్లా మీద నుంచి లేవకముందే చేస్తాము, మరిచిపోయే వీలుండదు. మూత్రానికి కూర్చున్నప్పుడు మధ్యలో ఆపి ఆపి అలవాటు చేయవద్దు, మూత్రాశయానికి మంచిది కాదు. ఫలితం కనిపించడానికి మూడు నెలలు పట్టవచ్చు. ఆపరేషన్ అయినవారు మూత్రగొట్టం తీసిన తర్వాత, వైద్యురాలు సరేనన్నప్పుడు మొదలుపెట్టాలి. గాయం మానిన తర్వాత సజ్దా కూడా మేలే: నడుము పైకి, ఛాతీ కిందికి ఉండే ఆ భంగిమలో అడుగు కండరాల మీది బరువు తగ్గుతుంది. మూత్రం ఎంతకీ నిలవనివారికి ప్రతి నమాజు వేళకు వుజూ చేసుకొని చదువుకొనే సడలింపు ధర్మంలో ఉంది. ఆ పెద్దామెకు ఈ సంగతి చెప్పినప్పుడు మొదట నమ్మలేదు. మళ్లీ ఆలిమాతో చెప్పించాము. ఇప్పుడు ఆమె ముందు వరుసలో కూర్చుని ఉన్నారు.

సోదరులకు మరొక మాట. భార్యాభర్తల కలయికకు కనీసం ఆరు వారాలు, అదీ వైద్యురాలు పరీక్షించి చెప్పిన తర్వాతే. అంతకు ముందు తొందరపడితే లోపలి కుట్లు విడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ తర్వాత పొడిగా ఉండి నొప్పి అంటే అయిష్టం అనుకోవద్దు, దానికి పూతమందులున్నాయి. గర్భసంచి పోయినంత మాత్రాన ఆడది ఆడది కాకుండా పోదు. ‘ఇక నీతో ఏముంది’ అన్న మాట మన మహల్లాలో విన్నాము. ఆ మాట అన్నవారికి నలభై రోజుల పాటు ఆ ఇంట్లో వంట చేసి, బిందెలు మోసి చూడమని చెప్పాము. ఒకరు చేశారు కూడా. పన్నెండో రోజుకు నడుము పట్టేసిందని మాకే చెప్పుకున్నారు.

పరదాకు ఈవల మాతో పాటు ఒక స్త్రీ వైద్య నిపుణురాలు ఉన్నారు. డిశ్చార్జి కాగితాలు తెచ్చుకున్నవారు అసర్ నమాజు తర్వాత వరుసగా రండి. ఏమి తీశారో, ఏమి ఉంచారో ఆమె చదివి మీకు మీ భాషలో చెబుతారు. కాగితాలు లేనివారి చేత ఆస్పత్రికి ఇవ్వవలసిన దరఖాస్తు రాయించడానికి ఇద్దరు విద్యార్థినులు కూర్చుంటారు. తెల్లకాగితాలు మా వద్దే ఉన్నాయి.